తన ఆస్తి తానే చదివిన సర్పంచమ్మ

ఈ ఏడు ఎండలు ముదిరే వేళకు మా చిన్నమ్మ పోయింది. గుండెల్లో నొప్పి అంటే ఊరివాళ్లు కదిరి ఆస్పత్రికి తీసుకుపోయారు. విషయం తెలిసి నేను కళ్యాణదుర్గం నుంచి బయల్దేరాను. అనంతపురంలో బస్సు మారుతుండగా అమ్మ ఫోన్ చేసి, "మీ చిన్నమ్మ లేదు పాపా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. అమ్మకు ఆమె ఒక్కతే చెల్లెలు.

నేను చేరేసరికి ఇంటి ముందు, పంచాయతీ ఆఫీసు ముందు, రోడ్డు పొడుగునా జనం. చిన్నమ్మ ఆ ఊరి సర్పంచ్. పదవిలో ఉండగానే పోయింది కాబట్టి ఆఫీసర్లు పూలదండలు తెచ్చారు. కానీ అంతమంది వచ్చింది సర్పంచ్ కోసం కాదనిపించింది నాకు. తనకల్లు నుంచి ఆ ఊరి మీదుగా ఎప్పుడైనా పోయినవాళ్లకు బస్టాపు పక్కన చిన్న రేకుల హోటల్ గుర్తుండొచ్చు. పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. అది చిన్నమ్మ నడిపిందే. చిన్నాయన లారీ ప్రమాదంలో పోయాక కూతురిని సాకడానికి పెట్టింది. సర్పంచ్ అయ్యాక కూడా మూయలేదు.

ఆమెకు రెండు అలవాట్లుండేవి. బజ్జీలు కట్టిచ్చే పాత పేపరు ముక్కలో ఏముందో చదవకుండా పొట్లం కట్టేది కాదు. చదివింది ఏడో తరగతే. బస్సు కదులుతోందని గిరాకీ కేకలేస్తున్నా, "ఉండప్పా, ఈడేదో రాసినారు" అని ఆ ముక్క ముగించేది. రెండోది, ఎవరేం అడిగినా "చూద్దాంలే" అనేది కాదు. "ఐతాది" లేకుంటే "కాదు", రెండే మాటలు. మొహమాటం లేని మనిషని కొందరు మెచ్చుకునేవారు, కొందరు నొచ్చుకునేవారు.

ఆ ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వయిన ఏడు జరిగింది చెబితే, ఆమె ఎలాంటిదో మీకు అర్థమవుతుంది.

చిన్నాయనకు ఒక అన్న ఉన్నాడు. మేం పెదనాయన అని పిలుస్తాం. అంతకుముందు ఎంపీటీసీగా చేశాడు. పదవి తన చేతిలోంచి పోకూడదు, కానీ తాను నిలబడే వీల్లేదు. ఆయన కోడలు, అంటే మా వదిన, అప్పుడు పచ్చి బాలింత. అందుకని చిన్నమ్మను నిలబెడతానన్నాడు. "నువ్వు సంతకం పెట్టు చాలు, మిగతాదంతా నేను జూసుకుంటా" అన్నాడట. ఆయన మాట చిన్నమ్మ ఎప్పుడూ కాదనలేదు. తమ్ముడు పోయాక ఆ కుటుంబాన్ని ఆదుకున్నది నిజంగా ఆయనే. ఆయన బోరు నీళ్లతోనే చిన్నమ్మ రెండెకరాల్లో టమోటా పండేది. ఆమె కూతురి నర్సింగు చదువుకు ఫీజు కట్టిందీ ఆయనే.

నామినేషన్‌తో పాటు డిక్లరేషన్ ఇవ్వాలి. నిలబడే మనిషి మీద కేసులేమైనా ఉన్నాయా, ఎంత చదివింది, భూమి, ఇల్లు, బంగారం, బ్యాంకులో సొమ్ము, అప్పులు, అన్నీ రాసి సాక్షుల ముందు సంతకం చేయాలి. దాన్ని జనం చూసేలా ఆఫీసు గోడకు అంటిస్తారు. నేను ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతాను, రాత బాగుంటుందని నన్ను పిలిపించారు. హోటల్లో జనం పలచబడ్డాక బల్ల తుడిచి కూర్చున్నాం. ఎదురుగా పెదనాయన. చిన్నమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

నేను ఒక్కో అంశం చదువుతున్నాను, ఆమె చెబుతోంది. కేసులు లేవు. చెవుల కమ్మలు, పుస్తెలతాడు. ఇల్లు. భూమి దగ్గరికి వచ్చాం.

"మన టమోటా చేను రెండెకరాలు. ఇంగ కదిరి రోడ్డు పక్కన ఉండే భూమి."

పెదనాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏ భూమి?"

"నా పేరుతో ఉండేది బావా."

నాకు అప్పుడే తెలిసింది. చిన్నాయన పోయిన మరుసటేడు, అన్నదమ్ముల భాగాల కాగితాలని చెప్పి పెదనాయన ఆమెను రిజిస్టర్ ఆఫీసుకు తీసుకుపోయాడు. సంతకం పెట్టింది. రోడ్డు వెడల్పు చేస్తారని మాట పుట్టిన కాలం అది. తన పేరుతో కొంటే నలుగురి కళ్లల్లో పడతానని ఆమె పేరు మీద కొన్నాడు. ఆ సంగతి తర్వాత ఆమెకు తెలిసింది. పాస్‌బుక్కు ఆయన దగ్గరే ఉంది. ఆయన సొమ్ము, ఆయన భూమి అనుకుని ఊరుకుంది.

"అది నీది కాదు కదమ్మా" అన్నాడాయన.

"కాదు బావా. పేరు మాత్రం నాదే. ఈడ అడిగింది అదే."

"ఎవురు జూస్తారు ఇవన్నీ? గోడకు అంటిస్తారు, రెండు దినాలకు గాలికి పోతాది."

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "పాపా, కింద ఏమని రాసినారో ఇంగోసారి చదువు."

పైన రాసినవన్నీ నిజమని, ఏదీ దాచలేదని ఉన్న వాక్యం చదివాను.

"విన్యావా బావా. ఏదీ దాచలేదని నేను సంతకం పెట్టల్ల. దాచిపెట్టి ఆ సంతకం ఎట్ల పెట్టేది?"

"రాస్తే నా మర్యాదేం కావల్ల? నేను నిలబడినప్పుడు నాకింతే ఉండాదని రాసిచ్చి..." మాట మధ్యలో ఆపేశాడు.

"ఐతే రేపే పోదాం రిజిస్టర్ ఆఫీసుకు. నీ పేరుకు మార్చేస్తా. ఆమీద నామినేషన్ ఏస్తా."

అదీ ఆయనకు కుదరదు. ఎప్పుడు కొన్నావు, ఎందుకు దాచావు అని అడిగేవాళ్లు ఊళ్లో ఉన్నారు. చివరికి ఆయనే, "నా తమ్ముడు పోయినప్పట్నుంచి మీ ఇద్దర్నీ సాకింది ఇందుకేనా?" అన్నాడు.

చిన్నమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నువ్వు చేసింది నేను సచ్చేదాకా మర్సను బావా. ఏం పని కావల్లన్నా చెప్పు, చేస్తా. అబద్దం మాత్రం చెప్పమనొద్దు."

ఆయన లేచి వెళ్లిపోయాడు. గ్లాసులో టీ అట్లాగే ఉంది. "చిన్నమ్మా, ఈ ఎలక్షన్ వద్దులే" అన్నాను. "ఆయన నిలబెడతానంటే ఒప్పుకున్నా. ఇప్పుడు నేనే నిలబడతాండా. రాయి" అంది.

రాశాను.

ఆ వారంలోనే బోరు నీళ్లు ఆగిపోయాయి. టమోటా కాపు మీదున్న సమయం. బిందెలతో నీళ్లు మోసి ఒక మూల చెట్లను బతికించుకుంది, మిగిలిన చేనంతా కళ్ల ముందే వాడిపోయింది. కూతురి ఫీజుకు కమ్మలు అమ్మింది. పెదనాయన ఇంకో ఆమెను నిలబెట్టాడు. ఆమే గెలిచింది, చిన్నమ్మ ఓడిపోయింది.

ఓడినవాళ్లు కూడా ఎన్నికల ఖర్చు ఎంతయిందో గడువులోగా లెక్క చెప్పాలి. చెప్పకపోతే మళ్లీ పోటీ చేసే అర్హత పోతుంది. ఈ సంగతి ఆమెకు ఎట్లా తెలిసిందో ఏమో, నన్ను వెంటబెట్టుకుని మండల ఆఫీసుకు పోయింది. అక్కడి గుమాస్తా మంచి మనిషి. కుర్చీ వేసి, "ఓడినోళ్లు పిలిచినా రారమ్మా, నువ్వు పిలవకుండానే వచ్చినావు" అన్నాడు. చిన్నమ్మ నవ్వి, "మళ్లా నిలబడల్ల కదా సార్" అంది. ఆ మాట విన్నాక నాకు ఆమె మీద జాలిపడటం మానేయాలని తోచింది.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. మళ్లీ అదే డిక్లరేషన్, అందులో అదే భూమి. ఈసారి అవతలివాళ్లు దాన్నే పట్టుకున్నారు. రచ్చబండ దగ్గర ఓట్లడుగుతుంటే ఒకడు గట్టిగా అరిచాడు.

"ఏమక్కా, రోడ్డు పక్క అంత భూమి పెట్టుకొని ఉగ్గాని ఏంటికి అమ్ముతాండావు?"

పెదనాయన అక్కడే, కొంచెం ఎడంగా నిలబడి ఉన్నాడు. ఎవరూ ఆయనను చూడలేదు, నేను చూశాను. ఆయన ముఖం పాలిపోయింది. ఐదేళ్లుగా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. ఆయన పేరు చెప్పడానికి ఆమెకు అంతకంటే మంచి సమయం దొరకదు.

"ఆ భూమి నా పేరుతో ఉండాది. నేను కొనింది కాదు, దాంట్లో గింజ పండించుకొని తినింది లేదు" అంది చిన్నమ్మ. "ఎవురు కొన్నారంటారా, కొన్నోళ్లు చెప్పల్ల. నాది నేను చెప్పినా. ఇంగొకరిది నేను చెప్పను."

ఆ తీరు జనానికి నచ్చినట్టుంది. గెలిచింది.

సర్పంచ్ అయ్యాక మొదటి గ్రామసభ నాకు బాగా గుర్తు. సెలవులకు అక్కడే ఉన్నాను. కార్యదర్శి అజెండా చదవబోతుంటే చెయ్యెత్తి ఆపింది. లేచి నిలబడి తనకేముందో చెప్పడం మొదలుపెట్టింది. ఇల్లు, చేను, బ్యాంకులో ఉన్నది, డ్వాక్రా అప్పు, రోడ్డు పక్క భూమి. జనం ముసిముసిగా నవ్వారు. "ఇవన్నీ మాకేంటికి చెప్తాండావక్కా?" అని ఎవరో అడిగారు.

"ఊరి సొమ్ము కాడికి పోతాండా. నా సొమ్ము యాడుండాదో చెప్పి పోవల్ల కదప్పా. దిగిపోయేటప్పుడు మళ్లా చెప్తా. తేడా ఉంటే అడగండి."

ఏ చట్టమూ సభలో అట్లా చదవమనలేదు. నామినేషన్ నాడు ఒకసారి రాసిస్తే చాలు. ఆమె మాత్రం ప్రతి ఏడూ చదివింది. ఒక ఏడు బర్రె కొన్నానని, పాల సొసైటీ అప్పుతో కొన్నానని చెప్పింది. ఇంకో ఏడు కూతురి జీతంతో మళ్లీ కమ్మలు చేయించిందని చెబుతూ, రెండు చెవులూ సభ వైపు తిప్పి చూపించింది. అప్పుడు అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. మెల్లగా ఉపాధి పనికి పోయే ఆడవాళ్లు వార్డు మెంబర్లను అడగసాగారు. "అక్క చెప్పింది, నువ్వు చెప్పవేమప్పా?" అని. ఒకరిద్దరు సభకు రావడం మానుకున్నారు. మిగిలినవాళ్లు గొణుక్కుంటూనైనా చెప్పారు.

ఆ మధ్యలోనే పెదనాయనకు పక్షవాతం వచ్చింది. కొంత కోలుకుని, ఒక చేత్తో కర్ర పట్టుకుని నడవగలిగాక, ఒక ఉదయం హోటలుకు వచ్చాడు. ఆ గడప తొక్కి ఏళ్లయింది. ఆ రోజు నేను లేను, చిన్నమ్మ చెప్పగా విన్నాను. చాలాసేపు కూర్చుని, "ఆ భూమి కోడలి పేరుకు రాసిస్తావా?" అని అడిగాడట. "ఐతాది" అందట ఆమె. ఆ వారమే పోయి సంతకం పెట్టింది. ఒక్క రూపాయి తీసుకోలేదు, ఒక్క మాట అనలేదు. ఇంటికి తిరిగొచ్చాక మాత్రం ఒకటి చెప్పింది.

"బావా, పోయినేడు చదివిన భూమి ఈ ఏడు నా లెక్కలో ఉండదు. ఏమైందని అడుగుతారు. ఎవురికి రాసిచ్చినానో సభలో చెప్తా. ఆ దినం నువ్వు రావద్దులే."

ఆయన వచ్చాడు. కర్ర ఒళ్లో పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. ఈసారి నేనూ ఉన్నాను. చిన్నమ్మ ఇల్లు చెప్పింది, చేను చెప్పింది, బర్రెను చెప్పింది. "కదిరి రోడ్డు పక్క భూమి ఇప్పుడు నాకు లేదు. రాసిచ్చినా" అంటుండగా పెదనాయన కర్ర ఊతగా లేవబోయాడు. మొదట లేవలేకపోయాడు. పక్కనున్నవాళ్లు పట్టుకోబోతే వద్దన్నాడు.

"ఆ భూమి నేను కొనింది" అన్నాడు. మాట కొంచెం ముద్దగా వస్తోంది, అయినా అందరికీ వినిపించింది. "ఆయమ్మకు చెప్పకుండా ఆయమ్మ పేరుతో కొన్నా. ఎంపీటీసీగా ఉన్నప్పుడు దాసిపెట్టినా. మా కోడలికి రాయించినా. ఆయమ్మది ఏం తప్పు లేదు."

చిన్నమ్మ తల దించుకుంది. ఆమె ఏడవడం ఊరంతా చూసింది అదొక్కసారే. తర్వాత కళ్లు తుడుచుకుని, "కూచో బావా" అని, కార్యదర్శిని అజెండా చదవమంది. తాగునీళ్ల పైపు గురించి ఆ రోజు పెద్ద గొడవే జరిగింది. మామూలు సభ లాగే ముగిసింది.

అబద్ధం చెప్పి ఆయన గౌరవం నిలబెట్టడం ఆమెకు తేలిక. నిజం చెప్పి ఆయనను నేలకు దించడం ఇంకా తేలిక. ఆమె రెండూ చేయలేదు. ఏళ్ల తరబడి తన మాట తాను చెబుతూ, ఆయన మాట ఆయన చెప్పేదాకా ఓర్చుకుంది. ఎన్ని పాఠాలు చెప్పినా నాకింకా చేతకాని పని అది.

సర్పంచ్ పోయింది కాబట్టి ఉప ఎన్నిక వచ్చింది. పెదనాయన కోడలు, మా వదిన నిలబడతానంది. చిన్నమ్మ దినకర్మలకు వచ్చినప్పుడే నాతో ఆ మాట అంది. "మీ మామ చెప్పినాడా?" అని అడిగితే, "ఎవురూ చెప్పలేదు. నేనే అనుకున్నా. చేతనైతాదో లేదో జూస్తా" అంది. డిక్లరేషన్ నన్ను రాయనీయలేదు. తప్పులు పడినా తన చేత్తోనే రాసుకుంది.

నామినేషన్ వేసి వచ్చిన రోజే ఓట్లడగడానికి బయల్దేరింది. నేనూ వెంట పోయాను. ఊరికి దూరంగా ఉన్న తండాకు ముందుగా పోదామంది. ఆటో దిగి చేల గట్ల మీద నడుస్తున్నాం. తొలి వానకు వేసిన చెనక్కాయ అప్పుడే ఆకు విప్పుకుంటోంది. వేడిగాలికి వదిన కొంగు నిలవడం లేదు. కలుపు తీస్తున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి నడుములు ఎత్తారు. వదిన దండం పెట్టి, ఓటు మాట ఇంకా నోట్లో ఉండగానే, వాళ్లలో పెద్దామె చేతిలోని గడ్డి గట్టు మీద పడేసి అడిగింది.

"ఓటు సంగతి ఆమీద తల్లీ. నీకేముండాదో ముందు అది చెప్పు."

వదిన నా వైపు చూడలేదు. చెప్పులు విడిచి, ఆ ఎండలోనే వాళ్లెదురుగా గట్టు మీద కూర్చుంది.