పేరు పట్టని పెట్టె

వసుంధర గారు గుండెపోటుతో కన్నుమూశారన్న వార్త మధురానగర్ నుంచి ఫోనులో వచ్చేసరికి, నేను అమీర్‌పేటలోని మా కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠం చెబుతున్నాను. ఆవిడ బోధించిన గదిలోనే నిలబడి ఆ మాట వినవలసి రావడం ఎంత క్రూరం!

కాకినాడ నుంచి వచ్చిన ఆ విదుషీమణి నాకు మొదట గురువు, పిమ్మట సహోద్యోగిని. కోపం ముక్కు మీదే ఉండేది. ప్రోగ్రాంలో తప్పు చేస్తే క్షమించేవారు. తప్పును దాస్తే మాత్రం వారం దాకా పలకరించేవారు కారు.

ఆవిడ ప్రజ్ఞ ఎంతటిదో, కొన్నేళ్ల కిందట ఆవిడతో కలిసి పంజాగుట్టలోని రహీంభాయ్ దుకాణానికి వెళ్లినప్పుడు కళ్లారా చూశాను. టీవీకి తగిలించుకునే ఇంటి కంప్యూటర్లను ఆయన అప్పుడే అమ్మకానికి తెచ్చాడు. బంజారా హిల్స్ డాక్టరు గారొకరు రోగుల వివరాలు దాచుకోవడానికి ఒకటి కొనబోతూ, పరీక్షగా ఒక రహస్యపదం పెట్టి, ఇంటిపేరుతో సహా తన పేరంతా కొట్టారు. అంతే, ఆ రహస్యపదాన్ని యంత్రం ఇక ఒప్పుకోలేదు!

“జర చూడున్రి మేడం, పొద్దుగాల మంచిగనే ఉండె,” అన్నాడు రహీంభాయ్ దిగాలుగా.

ఆవిడ కాసేపు తెర వంక చూశారు. రహస్యపదం అడిగిన చోట, డాక్టరు గారి పేరు చివరనున్న ‘మూర్తి’ని కొట్టారు. యంత్రం తెరుచుకుంది! ఒక్క స్క్రూ విప్పకుండానే దాని అంతరంగం ఆవిడకు కనబడింది.

“ఏంటండీ ఈ మాయ?” అన్నారు డాక్టరు గారు.

“మాయ కాదండీ. పేరుకిచ్చిన చోటు చిన్నది, మీ పేరు పెద్దది. మిగిలిన అక్షరాలు పొంగి, పక్కనున్న రహస్యపదాన్ని చెరిపేసి అక్కడ కూర్చున్నాయి. లోపం దీన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టంలోనే ఉంది. ఈ కిటుకు తెలిసిన ఎవరైనా పొడుగాటి పేరు కొట్టి మీ రోగుల గుట్టు చదివేయొచ్చు.”

డాక్టరు గారు దండం పెట్టి వెళ్లిపోయారు. రహీంభాయ్ ముఖం పాలిపోయింది.

“మిగిలినోళ్లకు చెప్పకున్రి మేడం. పొట్టి పేరు కొట్టమంటే అయిపోతది గద! గీ ముచ్చట బయటికి పోతే నా దుకాణం బంద్.”

“దుకాణం మూతపడితే మళ్లీ తెరుచుకోవచ్చు భాయ్. రోగి గుట్టు బయటపడితే మళ్లీ లోపలికి పోదు.”

ఆయన ఆ పెట్టెలన్నీ కంపెనీకి వాపసు పంపేశాడు. నిన్న శ్మశానంలో అందరికంటే బిగ్గరగా ఏడ్చింది ఆయనే. “ఆనాడు మేడం ఆపకపోతే, ఇయ్యాల తలెత్తుకొని తిరుగుతుంటినా?” అన్నాడు నాతో.

“పట్టనిదాన్ని పట్టదని చెప్పడం యంత్రానికి ముందు నేర్పండి.” కొత్త విద్యార్థులకు ఆవిడ చెప్పే మొదటి మాట అదే. అటువంటి గురువు మాకు మళ్లీ దొరకరు.

ఈ ఉదయం సంతాపసభలో నన్ను మాట్లాడమన్నారు. ఎంతో చెప్పాలని లేచాను.

“ఇంత దుఃఖం నాలో పట్టడం లేదు మేడం,” అని మాత్రం చెప్పి కూర్చున్నాను.