మిద్దె మీది వంగ విత్తు

రెండవ ప్రపంచయుద్ధం సాగుతున్న రోజుల్లో నేను చిత్తూరులో ఉపాధ్యాయుణ్ణి. మేమున్న అద్దె ఇంటికి పెరడు లేనందున మిద్దె మీద ఆరు మట్టికుండల్లో వంగ నాటాను. ఆ విత్తు మా అమ్మ ఏటేటా బూడిదలో కలిపి, గుడ్డలో మూటకట్టి దాచినది. ఆమె పోయిన తరువాత ఆ మూట నాకు దక్కింది. ఆ తెల్లచారల వంకాయ నేనెరిగినంతలో మరెవరి ఇంటా లేదు.

నీళ్లు వీధి బావి నుంచి మోయాలి కనుక, చుక్క కూడా వృథా కాని ఏర్పాటు చేశాను. మిద్దె వాలు వెంట తాడు పట్టి సన్నని మట్టికాలువ కట్టి, అడుగున రంధ్రాలున్న కుండలను అందులో వరుసగా నిలిపాను. పై కుండ నుంచి కారిన నీటిని కింది కుండలు పీల్చుకునేవి. ఆ వరుసను చూసి నేను రోజూ తృప్తిపడేవాణ్ణి.

పూతకు వచ్చే వేళ మొదటి మొక్క ఆకు పచ్చగా ఉండగానే వాలిపోయి, నాలుగు రోజుల్లో చచ్చింది. వరుసలో ఖాళీ నాకు సహించదు. అదే మట్టిలో మరో నారుమొక్క నాటాను. అదీ పోయింది. తరువాత రెండవ కుండ, మూడవ కుండ. మూటలో చిటికెడు విత్తనాలే మిగిలాయి.

దోషం కుండలదేనని తీర్మానించి, వాటిని అమ్మిన కుమ్మరి అవ్వ వీధిలోకి రాగానే పిలిచి గద్దించాను. ఆమె మిద్దె ఎక్కి, కాలువలో వేలు పెట్టి చూసింది.

“నా కుండనేమంటావు అయివోరా? జబ్బుదానికి పోసిన నీళ్లే పక్కదానికి తాపుతా ఉండావు. ఇంట్లో ఒకరికి జరమొస్తే వాళ్ల ఎంగిలి నీళ్లు అందరికీ పోస్తావా?”

“నీళ్లు మిగులుతాయని పెట్టినాను.”

“మిగుల్తాయిలే. మొక్కే లేకపోతే ఆ నీళ్లు ఏం చేసుకుంటావు? వరసలు బళ్లో పెట్టుకో.”

మెట్ల మీద నిలబడిన నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మిగిలిన మూడు మొక్కలను కూడా తీసివేయాలని అవ్వ అన్నది. పచ్చగా ఉన్నవాటి మీదికి నా చేయి పోలేదు, ఆమే పీకింది. ఖాళీ కుండలను తీసుకుపోయి, అంటిన జబ్బు చచ్చేలా మరుసటి ఆవంలో తన కొత్త కుండలతో పాటు మళ్లీ కాల్చి తెచ్చింది. ఎన్నడూ వంగ వేయని చేని మట్టి నింపించి, ఒక్కొక్క కుండను విడిగా మూడేసి రాళ్ల మీద పెట్టించింది. ఉన్న విత్తనమంతా చల్లాను. మొలిచినవి ఐదు, వాటిలో నాలుగు కాపుకు వచ్చాయి.

తొలి కాయను కోయక, పసుపుపచ్చగా పండేదాకా చెట్టుకే వదిలాను. దాని విత్తనాలు ఆరబెట్టి రెండు పొట్లాలు కట్టాను. ఒకే ఇంట ఉన్న విత్తు ఎంత తేలికగా అంతరించగలదో నాకు అప్పటికి తెలిసింది. రెండవ పొట్లం అవ్వకు ఇచ్చి చేతులు జోడించాను. ఆమె దానిని కొంగున ముడివేసుకుని, తన కుండల గంప తలకెత్తమన్నది. ఎత్తాను.