మావయ్యగారి అమెరికా ప్లీడరు

ఇవాళ పొద్దున ఇక్కడ కెనడాలో, మిస్సిసాగా దగ్గర 401 హైవే మీద మంచుకి ట్రాఫిక్ ఆగిపోయింది. ఆగడమంటే మామూలు ఆగడం కాదు. నా ముందున్న లారీ డ్రైవరు ఆ వ్యవధిలో పెళ్లాడి, పిల్లల్ని కని, వాళ్లకి సంబంధాలు కూడా చూసి ఉంటాడు. ఖాళీగా ఉన్న పక్కసీటు చూడగానే మా మావయ్యగారూ, ఆయన వెంట పందొమ్మిదో శతాబ్దపు అమెరికా ప్లీడరూ గుర్తొచ్చారు.

మావయ్యగారు, అంటే మా ఆవిడ నాన్నగారు, నరసరావుపేటలో సివిల్ లాయరు. అత్తయ్యగారు పోయాక ఆయన్ని ఒంటరిగా ఉంచడం ఇష్టంలేక మా ఆవిడ ఇక్కడికి తెచ్చేసుకుంది. పేటలో ఆయన దగ్గితే జడ్జీలు సర్దుకుని కూర్చునేవారట. మా టౌన్‌హౌస్‌లో దగ్గితే స్మోక్ అలారం కూడా పలికేది కాదు. చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని, పక్కింటాయన మంచు ఎత్తిపోస్తుంటే క్రాస్ ఎగ్జామిన్ చేస్తున్నట్టు చూసేవారు. వాదించడానికి మనిషి దొరకని ఆ లాయరుకి మిగిలింది నా కారొక్కటే. సీటు బెల్టు పెట్టుకున్నవాడు లేచి వెళ్లిపోలేడు కదా.

కారు ఇంటిముందు డ్రైవ్‌వే దాటేసరికి ఆ ప్లీడరు కథ మొదలయ్యేది. అమెరికాలో ఎక్కడో కుగ్రామంలో, ఇనపసామాన్ల కొట్టు అటక మీద లా పుస్తకాలు చదివిన కుర్రాడు. మొదటి కేసు, పక్కవాడి తోటలో పడ్డ పంది గురించి. ఆ పంది ట్రిప్పు ట్రిప్పుకీ బలిసి చివరికి మా కారంత అయింది. తర్వాత ప్లీడరు రాష్ట్ర సభకీ, అక్కణ్నుంచి కాంగ్రెసుకీ, అంటే వాళ్ల పార్లమెంటుకీ, వెళ్లేవాడు. సరిగ్గా సెనేట్ మెట్లెక్కే సమయానికి ఇండియన్ స్టోర్ వచ్చేది. "దిగండి మావయ్యగారూ, కరివేపాకు అయిపోతుంది" అనేవాణ్ని. పాపం, ప్లీడరు ఆ మెట్ల మీదే ఏళ్ల తరబడి చలికి వణుకుతూ నిలబడ్డాడు.

ఓ ఫిబ్రవరి మధ్యాహ్నం ఇదే రోడ్డు మీద ఇలాగే ఇరుక్కుపోయాం. మావయ్యగారి ముఖం వెలిగిపోయింది. ప్లీడరు చకచకా సెనేటరయ్యాడు, మంత్రయ్యాడు, ప్రెసిడెంటు కుర్చీకి పోటీచేసి ఓడిపోయాడు.

"ఆ తర్వాత?" అన్నాను, ముందున్న బండి వంక ఆశగా చూస్తూ.

"రాజధానిలోనే ఉండిపొమ్మన్నారండీ అందరూ. కూతురింట్లో పెద్ద గది, వెచ్చగా చలిమంట. ఆయన మాత్రం సొంత ఊరెళ్లి, అదే కొట్టు పైన ప్లీడరు బోర్డు కట్టాడు. మళ్లీ పంది కేసే వచ్చింది. హాయిగా వాదించుకున్నాడు."

"ఇంత ముగింపుకి నన్ను ఇన్నాళ్లు తిప్పారా?"

"పిటిషన్ అంటే అంతే అల్లుడుగారూ. ముందు ఫ్యాక్ట్స్. మనకేం కావాలో ఆఖరి పేరాలో అడుగుతాం, దాన్నే ప్రేయర్ అంటాం. మీరెప్పుడూ ఫ్యాక్ట్స్‌లోనే కారాపేసేవారు." వైపర్ల వంక తిరిగారు. "నన్ను పేటకి పంపించండి. అమ్మాయికి మీరే చెప్పాలి. నేనడిగితే ఏడుస్తుంది."

అప్పటిదాకా ఆ కారులో ఇరుక్కున్నవాణ్ని నేనే అనుకున్నాను.

చెప్పాను. మా ఆవిడ ఒంటారియో సరస్సు పొంగేలా ఏడ్చింది. తర్వాత తనే టికెట్ బుక్ చేసింది. ఇప్పుడాయన కోర్టు వరండాలో జూనియర్లని నిలబెట్టి కథ చెబుతున్నారట. పంది ఏనుగంత అయిందని వినికిడి.

నిన్న మా అమ్మాయిని కాలేజీలో దింపుతూ, నాకు తెలియకుండానే ఆ అటక మీది కుర్రాడి దగ్గర మొదలుపెట్టాను. "నాన్నా, జస్ట్ టెల్ మి ది ఎండింగ్" అంది. అంతలో కాలేజీ వచ్చింది, దిగిపోయింది.

లారీ ఇంకా కదల్లేదు. ఫ్యాక్ట్స్ మాత్రం ఏటికేడు పోగవుతున్నాయి. నా ఆఖరి పేరాలో ఏం అడగాలో ఇంకా తోచలేదు.