ఆకలి పోయిన అక్క

తెలంగాణ రాకముందు మాట. గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ అక్క పొద్దున్నే గోడ మీదుగా తొంగిచూసి, "చెల్లే, ఇయ్యాల ఏం కూర?" అని అడిగేది. నేను చెప్పేలోపే గిన్నె చాపేది. ఆమె తింటుంటే చూసేవాళ్లకు కూడా ఆకలి వేసేది.

ఒక పెళ్లిలో ఎవరో ఆమె లావు చూసి, బొగ్గుబాయిలో పనిచేసే వాళ్లాయనకు తల్లివా అని అడిగారు. ఆ వారమే డాక్టరును అడగకుండా, మందుల దుకాణంలో ఆకలి తగ్గించే గోలీలు తెచ్చుకుంది.

"అన్నం చూస్తే మన్ను చూసినట్టే ఉంటున్నది చెల్లే!" అని సంబరంగా చెప్పింది. చూస్తుండగానే జాకెట్లు వదులయ్యాయి. నోరు మాత్రం ఎప్పుడూ ఎండిపోయేది. నిద్ర పట్టేది కాదు. ఒకరోజు నా అరచేతిని తన గుండె మీద పెట్టుకుంది. ఎవరో తరుముతున్నట్టు కొట్టుకుంటోంది.

"జల్ది దవాఖానకు పోదాం పా అక్కా" అన్నాను.

"పోతే గోలీలు బంద్ చెయ్యమంటరు. మళ్ల లావైత. నువ్వేం ఫికర్ చెయ్యకు."

నవ్వింది గానీ నా చెయ్యి వదల్లేదు.

కొన్నాళ్లకు నల్లా దగ్గర బిందె ఎత్తబోయి పడిపోయింది. దవాఖానలో డాక్టరు గోలీల పట్టీ చూసి, "బీపీ ఉన్న మనిషికి ఇవి ఎవరిచ్చిండ్రు?" అని అరిచాడు. వాళ్లాయన బిత్తరపోయి చూశాడు. మధ్యాహ్నానికి ఆమె గుండె ఆగిపోయింది.

క్వార్టర్ ముందు పడుకోబెట్టారు. చూడవచ్చిన ఆడవాళ్లలో ఒకామె ఏడుస్తూనే నా పక్కకు జరిగి, చెవిలో అడిగింది:

"ఎంత సన్నగైంది! ఆ గోలీల పేరేందో నీకెరుకేనా?"