అవిశ్వాసానికి నేను వస్తున్న, నర్సయ్యా

నా పేరు లచ్చవ్వ. వయసు అరవై ఎనిమిది. ఊర్లె నాలుగో వార్డు మెంబర్‌ను. ఇప్పుడు ఖతర్‌ల, అల్ రయ్యాన్‌ల కొడుకు దగ్గర ఉన్న. నాకు సదువు రాదు, నేను చెప్తుంటే కోడలు సుజాత ఈ పోస్టు రాస్తున్నది.

మా ఉపసర్పంచ్ నర్సయ్య మా వార్డు నల్లా నీళ్ళు తన మామిడి తోటకు మళ్ళించుకున్నడు. ఆయనను దించుతందుకు సోమవారం అవిశ్వాసం ఉన్నది. ఒక్క చెయ్యి తక్కువైనా నెగ్గది. రెండు దిక్కులోళ్ళు మెంబర్లను బస్సులెక్కించి క్యాంపులకు తీసుకపోయిన్రు. నేను ఎవరి బస్సూ ఎక్కలేదు, విమానమెక్కి ఇటొచ్చిన.

ఈ రోజు నర్సయ్య వీడియో కాల్ చేసిండు. గల్ఫ్ అంటే ఆయనకు అంతా దుబాయే.

"అక్కా, దుబాయ్ మంచిగున్నదా? ఇంకో నెల ఉండరాదే!"

"మా వార్డుకు నీళ్ళు ఇడిసినవా, తమ్మీ?"

"మోటర్ కాలిందక్కా, సుక్క నీళ్ళు లెవ్వు."

"మరి నీ ఎనుక తోటల పైపుల నీళ్ళు గట్ల దుంకుతున్నయేందిరా?"

ఒక్కసారి ఎనుకకు తిరిగి చూసి ఫోన్ కట్ చేసిండు. నేను కడుపుబ్బ నవ్విన. చాయ్ ఇంకో గ్లాసు తాగిన.

లచ్చవ్వ అమ్ముడువోయింది, ఇగ రాదు అని ఊర్లె అంటున్నరట. ఆదివారం దిగుతున్న, సోమవారం చెయ్యెత్తుత. మీ ఊరి మెంబర్లు ఏ క్యాంపుల ఉన్నరో మీరు గూడ చెప్పున్రి.

కింద ఫొటోల ఉన్నది నా ఎడమ బొటనవేలి ముద్ర. సిరా లేక కోడలి కాటుకతోని పెట్టిన.

సాక్షులు: కోడలు సుజాత, ఎదురింటి నేపాల్ పిల్ల మాయ. మాయకు తెలుగు రాదు గని, ముద్ర పెట్టంగ కండ్లార చూసింది.