కోపెన్‌హాగెన్‌లో అక్క అన్న "వద్దులే"

ఏడాది చివరికి బావ కాంట్రాక్టు అయిపోతుందని, అక్కావాళ్ళు ఇండియా వెళ్ళిపోతారని తెలిశాక ఈ ప్రయాణం అనుకున్నాను. ఇంగ్లండులో, లీసెస్టర్‌లో నాలుగేళ్ళున్నా అక్క చూసింది తను పనిచేసే ప్యాకింగ్ యూనిట్, మా ఫ్లాట్, వెంబ్లీలో ఒక పెళ్ళి, అంతే. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. నా వెనక పుస్తకాల సంచీ పట్టుకుని కాలవ గట్టు మీద నడిచొచ్చి, నన్ను బడి దగ్గర వదిలి, కొబ్బరి పీచు పనికి వెళ్ళేది అక్క. వెళ్ళేలోపు తనకి ఒక్క మంచి ఊరు చూపించాలనుకున్నాను.

మావి ఇండియన్ పాస్‌పోర్టులు కాబట్టి డెన్మార్క్ వెళ్ళాలంటే యూరప్ దేశాల షెన్‌గెన్ వీసా తప్పదు. అపాయింట్‌మెంటు దొరకడానికే నెల పట్టింది. మీరు వెళ్ళాలనుకుంటే రెండు నెలల ముందే మొదలుపెట్టండి. జూలైలో ఒక శనివారం తొలి రైలుకి లీసెస్టర్ నుంచి స్టాన్‌స్టెడ్ విమానాశ్రయం చేరి, అక్కడ విమానం ఎక్కాం. రెండు గంటల లోపే ప్రయాణం. గడియారం గంట ముందుకి తిప్పుకోవాలి కాబట్టి, దిగేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. విమానాశ్రయం లోంచే మెట్రో ఉంది. పావుగంటలో ఊరి మధ్యకి తెచ్చేస్తుంది. టికెట్టు సుమారు నాలుగు పౌండ్లు.

నా ఫోన్‌లో నిమిషాలతో సహా ప్లాన్ ఉంది. న్యూహావ్న్ రేవులో రంగురంగుల ఇళ్ళ ముందు ఫొటోలు, రెండింటికి గంటసేపు కాలవల్లో పడవ, నాలుగింటికి ఓడరేవు ఈతకొలను, అయిదింటికి మత్స్యకన్య విగ్రహం, ఏడింటికి పాత వినోద ఉద్యానం. పడవలో గైడు చెప్పిందంతా అక్కకి తెలుగులో చెప్పాను. అక్క మాత్రం చెయ్యి బయటికి చాపి నీళ్ళకేసే చూస్తోంది.

"ఏవే చిట్టీ, ఊరి మజ్జలో నీళ్ళు ఇంత తేటగా ఉన్నాయేంటే? అడుగు కనిపిస్తంది."

"చెయ్యి లోపలికి తియ్యి అక్కా, గైడు తిడతాడు."

పడవ దిగి పసుపురంగు లాంచీ ఎక్కాం. బస్సు టికెట్టే దానికీ చెల్లుతుంది. ఐలాండ్స్ బ్రూగ్గె అనే చోట ఓడరేవు నీళ్ళలోనే చెక్కలతో గట్లు కట్టి ఈతకొలనులా చేశారు. వేసవిలో కాపలాకి లైఫ్‌గార్డులుంటారు, ప్రవేశం ఉచితం. పిల్లలు, ముసలివాళ్ళు, ఒళ్ళంతా కప్పే బుర్కినీ వేసుకున్న ఇద్దరమ్మాయిలు, అందరూ దూకుతున్నారు. అక్క చెప్పులు విడిచి చెక్కల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది.

ఒకప్పుడు మా కాలవకి ఆ గట్టు నుంచి ఈ గట్టుకి అక్కలా ఈదేవాళ్ళు లేరు. పెద్దమనిషయ్యాక అమ్మ దిగనివ్వలేదు. ఆ తర్వాత దిగింది లేదు.

తల నెరిసిన ఒక డేనిష్ ఆవిడ మెట్లెక్కి వచ్చి, తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటూ అక్కని చూసి నవ్వింది. "నీళ్ళు బాగున్నాయి, రమ్మను. ఆవిడకి ఈత వచ్చా?" అని నన్ను ఇంగ్లీషులో అడిగింది.

"దిగుతావా అక్కా?" అన్నాను.

అక్క నీళ్ళకేసి చూసి, బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. "వద్దులే. బాగోదు."

నేను ఆవిడ వైపు తిరిగి "షి సేస్ నో" అన్నాను. ఆవిడ తలాడించి వెళ్ళిపోయింది. నేను ఫోన్‌లో టైము చూసుకుని, "పద, విగ్రహం దగ్గరికి ఆలస్యమైపోతుంది" అన్నాను. నడుస్తూ అక్క రెండుసార్లు వెనక్కి చూసింది. ఏదైనా మర్చిపోయిందేమో అనుకున్నాను.

మత్స్యకన్య చుట్టూ గుంపు. విగ్రహం నేననుకున్నంత పెద్దది కాదు. అక్క కాసేపు చూసి, "పాపం, నీళ్ళ పక్కనే కూచోబెట్టారు. దిగనివ్వరు కామోసు" అంది. నేను పగలబడి నవ్వాను. ఆ జోకు ఫ్రెండ్స్ గ్రూపులో కూడా పెట్టాను.

మర్నాడు పొద్దున్న హోటల్ గదిలో అక్క బ్యాగు జిప్పు పడలేదు. సర్దుదామని అడుగున ఉన్నవి బయటికి తీశాను. ముడి వేసిన కవర్లో తువ్వాలు, ముదురు నీలం చుడీదారు, దువ్వెన. మడత నలగలేదు.

"ఇవెందుకు తెచ్చావ్?"

"నువ్వు ఫోన్లో చూపించావు కదే, జనం దూకుతున్న ఫొటో. ఏమో, దిగుతామేమోనని."

"మరి వద్దులే అన్నావుగా!"

అక్క కవరు నా చేతిలోంచి తీసుకుంది. "ఇంకోసారి అడుగుతావనుకున్నాను" అని, మళ్ళీ తనే, "పోన్లేవే, ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయిగా" అంది.

విమానానికి రెండున్నర గంటలే ఉంది. బ్యాగులు సర్దుకుని మెట్రో ఎక్కేశాం. వీసా ఒక్క ప్రయాణానికే ఇచ్చారు. తర్వాత ఎండలున్న వారాంతాలు నాలుగైదు వచ్చాయి. ఇంగ్లండులోనే ఏదైనా సముద్రానికి వెళ్దామన్నాను. ఒకసారి తన డ్యూటీల రోటా కుదరలేదు, ఒకసారి నాది. డిసెంబరులో అక్క ఇండియా వెళ్ళిపోయింది.

మా ఇంట్లో ఎవరికైనా కూర వడ్డిస్తుంటే "వద్దులే" అంటారు. అప్పుడు గరిటె వెనక్కి తియ్యం, ఇంకోసారి అడుగుతాం. అది నాకు తెలియనిది కాదు. ఇక్కడ ఎవరైనా టీ కావాలా అని అడిగినప్పుడు ఒక్కసారి వద్దంటే అయిపోతుంది. నాకూ అదే అలవాటైపోయింది. ఆ రోజంతా గైడు మాటలు, బోర్డులు, మెనూలు, అన్నీ అక్కకి తెలుగులోకి మార్చి చెప్పాను, చదువుకున్నదాన్నని కొంచెం గర్వంగానే. ఇంగ్లీషులోకి మార్చాల్సి వచ్చింది ఒక్క మాటే, అదీ తప్పు చెప్పాను.

మీరు వెళ్తే ఒక్క సలహా. ఈతకొలనుకే ముందు వెళ్ళండి, తువ్వాలు పట్టుకెళ్ళండి, ఆ తర్వాత గంటకి ఏ ప్లానూ పెట్టుకోకండి. మీతో వచ్చినవాళ్ళు వద్దులే అంటే, మీరూ చెప్పులు విడిచి పక్కన కూర్చుని మళ్ళీ అడగండి.