పూజలందుకున్న వీల్ నట్లు

మా మామ అంబాసిడర్ చక్రాలకు మూతలు ఎప్పుడో ఊడిపోయాయి. కొత్తవి వేయించమంటే ఒప్పుకునేవాడు కాదు. మూతలుంటే నట్లు కనిపించవు, కనిపించకపోతే వాటికి బొట్టు పెట్టేదెలా అని ఆయన బాధ.

మామ ఆదోనిలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తా. ఓనరు విసిగిపోయి వదిలించుకున్న కారును ఈయన ముచ్చటపడి కొనుక్కున్నాడు. నడపడం తక్కువ, కడగడం ఎక్కువ. ఏటా ఆయుధ పూజకు వీల్ నట్లన్నిటికీ వెండిరంగు పూసి, రంగు మీద పసుపు, పసుపు మీద కుంకుమ పెట్టేవాడు. పాత రంగు గీకడం అపచారం కాబట్టి కొత్త పూత దాని మీదనే. నేను డిగ్రీలో చేరినప్పటి నుంచి, అది పూర్తయి ఇంట్లో ఖాళీగా కూర్చునేదాకా గమనిస్తూనే ఉన్నాను. మా ఇంట్లో ఏటికేడాది ఒళ్ళు చేసింది ఆ నట్లూ నేనూ మాత్రమే.

ఎనభైల మొదట్లో మా అక్కకు ఎమ్మిగనూరులో టీచరు ఉద్యోగం వచ్చింది. మా వంశంలో అదే మొదటి సర్కారు ఉద్యోగం. పదిహేను రోజుల్లో చేరకపోతే పోస్టు జాబితాలో తర్వాతి పేరుకు పోతుందని ఆర్డరులో రాసి ఉంది. మామ ఆర్డరు ఒకసారి, పంచాంగం పదిసార్లు చదివాడు. ఒకరోజు మంగళవారం, ఒకరోజు అమావాస్య, ఇంకోరోజు అక్క నక్షత్రానికి పడదు. అలా వెతికి వెతికి పదిహేనో రోజు దివ్యంగా ఉందని తేల్చాడు. పదహారోది లేదు కాబట్టి ఉండక తప్పలేదు.

"బస్సులో పోతాలే మామా, గంట దారే కదా" అంది అక్క.

"ఇంట్లో కారు పెట్టుకొని బస్సెక్కితే ఎమ్మిగనూరోళ్ళు ఏమనుకుంటారు?"

"మనకు కారుందని వాళ్ళకు తెలీదు గదా మామా" అన్నాను.

"అందుకేరా సూపియ్యాల్సింది!"

రాహుకాలం వెళ్ళాక పన్నెండింటికి బయలుదేరాం. సగం దూరం కూడా పోకముందే ముందరి ఎడమ చక్రం పంక్చరైంది. రెండువైపులా పత్తి చేన్లు, నెత్తిన ఎండ. అక్క సర్టిఫికెట్ల ఫైలు గుండెకు అదుముకొని దిగింది. మామ మాత్రం ఆపరేషనుకు సిద్ధమైన డాక్టరులా చొక్కా చేతులు మడిచాడు.

"స్టెప్నీ ఉంది, జాకీ ఉంది. పది నిమిషాలు."

జాకీ ఎత్తాడు. పానా తెచ్చి నట్టుకు తగిలించబోతే ఎక్కలేదు. ఇంకో నట్టు. అదీ అంతే. ఏళ్ళ తరబడి పూసిన రంగుతో నట్లు ఉబ్బి, తమ పానాలోనే తాము పట్టకుండా ఉన్నాయి.

"బలిసినాయి మామా. పథ్యం పెట్టాల."

"నోర్ముయ్రా" అని మామ డిక్కీలోంచి ఇంకో పెద్ద పానా తీశాడు. అది వదులుగా ఎక్కింది. బలంగా తిప్పితే గాలిలో ఉన్న చక్రం గిర్రున తిరిగింది కానీ నట్టు కదల్లేదు. జాకీ దించి, పానా మీద నిలబడి ఎగిరాడు. పానా జారింది, మామ పత్తి చేను గట్టు మీద కూర్చున్నాడు. లేచి మళ్ళీ ఎగిరాడు. కాసేపటికి ఆరు మూలల నట్టు నున్నగా గోలీ అయింది. ఒకదానికి చేసి మిగతావాటిని వదలడం న్యాయం కాదు కాబట్టి ఐదింటినీ గోలీలు చేశాడు.

ఇంతలో ఎమ్మిగనూరు బస్సు వచ్చి నెమ్మదించింది. మామ "పోప్పా, పో, మాకు కారుంది" అని చెయ్యి ఊపాడు. బస్సు పోయింది. అక్క వాచీ చూసుకుంది.

రెండో బస్సు వచ్చేసరికి రెండున్నర. బడి నాలుగున్నరకు మూస్తారు. ఈసారి అక్క రోడ్డు మధ్యకు వెళ్ళి నిలబడింది. కండక్టరు తల బయట పెట్టాడు.

"ఎక్కుతారామ్మా?"

"లేదప్పా, మేము కారులో పోతాండాం" అన్నాడు మామ.

కండక్టరు జాకీ పక్కన కుంటుతున్న కారును చూశాడు. "ఎప్పుడు?" అన్నాడు.

అక్క అప్పటికే మెట్టెక్కింది.

"ఏందమ్మా, మామ పరువు తీస్తావా?"

"పరువును ముందు సీట్లో కూర్చోబెట్టుకొని నిదానంగా రా మామా. నేను ఆడ సంతకం పెట్టాల."

బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. అక్క టిఫిన్ డబ్బా కారులోనే మరిచిపోయింది. ఆడపిల్ల ఆకలితో పోయిందే అని మామ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ దుఃఖంలోనే ఇద్దరం పెరుగన్నం తినేశాం.

తర్వాత ఆదోని మార్కెట్టుకు పోతున్న పత్తి లారీ ఒకటి ఆగింది. డ్రైవరు నడివయసు సాయిబు. వంగి, నట్టును గోటితో గీకాడు. వెండి పెచ్చు లేచింది. దాని కింద పసుపు, కింద ఇంకో వెండి పెచ్చు.

"ఇది నట్టా అన్నా, పెండ్లికూతురా?"

"ఆయుధ పూజకు ప్రతేడూ పూస్తామప్పా."

"నేనూ మా ఓనరు లారీకి కుంకుమ పెడతా. మర్నాడు తుడిచి గ్రీసు పూస్తా. గ్రీసంటే దేవునికేం కోపం లేదు అన్నా."

లారీలోంచి ఉలి, సుత్తి తెచ్చాడు. మామ అడ్డం పడ్డాడు. "పూజ చేసిన నట్టును ఉలితో కొడతావా?"

"మీరు కొట్టినంత నేను కొట్టనులే" అన్నాడు డ్రైవరు.

కిరసనాయిలు పోసి కాసేపు నాననిచ్చాడు. నట్టు అంచున ఉలి ఏటవాలుగా ఆనించి, అది విప్పుకునే వైపుకు చిన్నచిన్న దెబ్బలు వేశాడు. మొదటిది కిర్రుమని కదిలింది. రెండు, మూడు, నాలుగు వచ్చేశాయి. ఐదోది రానంది. దాన్ని నిలువునా చీల్చాల్సి వచ్చింది. స్టెప్నీ వేసి, మిగిలిన నాలుగు గోలీలనే ఉలితో తట్టి బిగించి, "మెల్లగా పోండి. కొత్త నట్లు ఎమ్మిగనూరులో దొరుకుతాయి" అని, చాయ్‌కు కూడా ఆగకుండా లారీ ఎక్కాడు.

మామ ఐదో నట్టు రెండు ముక్కలనూ జేబు రుమాలులో మూటగట్టాడు. "తుంగభద్రలో కలుపుదామా మామా?" అన్నాను. నన్ను తిట్టే ముందు ఒక్క క్షణం ఆలోచించాడు.

సైకిళ్ళు దాటిపోతుంటే దారి ఇస్తూ ఎమ్మిగనూరు చేరాం. బడి గేటు దగ్గరికి వచ్చేసరికి చివరి గంట కొడుతున్నారు. పిల్లలు బయటికి పరుగెత్తుకొస్తున్నారు. మామ హారను మోగించాడు, ఆ రోజు ఆ కారులో సరిగా పనిచేసింది అదొక్కటే. అక్క హెడ్మాస్టరుతో కలిసి వరండాలోకి వచ్చింది. చేతినిండా సుద్దపొడి. సంతకం పెట్టడమే కాదు, ఒక పీరియడు పాఠం కూడా చెప్పేసింది.

చొక్కా నిండా నల్లమట్టి, నుదుటి మీద గ్రీసుతో, మామ కారు దిగి రెండు చేతులూ జోడించాడు.

"ఎవరమ్మా వీరు?" అన్నారు హెడ్మాస్టరు.

అక్క మామ ముఖంలోకి చూసింది, తర్వాత చక్రం వైపు చూసింది.

"మా మామ సార్" అంది. "నన్ను బడి దగ్గర దింపేదానికి వచ్చినాడు."